అక్షరం కన్నా ముందు బొమ్మ

అక్షరాలు రాని పసివాడికి పుస్తకమంటే బొమ్మలే. తల్లి వేలు అక్షరం మీద ఉంటుంది, బిడ్డ చూపు బొమ్మ మీద ఉంటుంది. 2020 జూన్‌లో పశ్చిమ బెంగాల్‌లోని బర్ధమాన్ పట్టణంలో ఒక బాలికల పాఠశాలలో చిన్నపిల్లలకు వాడుతున్న ఇంగ్లీషు అక్షరమాల పుస్తకం వివాదమైంది. అందులో 'యు' అక్షరానికి 'అగ్లీ', అంటే అనాకారి, అన్న మాట ఇచ్చి పక్కన నల్లని బాలుడి బొమ్మ వేశారు. తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు. ఇద్దరు ఉపాధ్యాయినులు సస్పెండయ్యారు. కానీ ఆ బొమ్మ వారు గీసింది కాదు. గీసిన చేయి వేరు, అచ్చుకు సరేనన్న కన్ను వేరు. ఇన్ని చేతులు దాటి తరగతి గదికి చేరేదాకా అది ఎవరికీ తప్పుగా తోచలేదు. మనల్ని కలవరపెట్టవలసింది ఆ సంగతి.

మరుసటి ఏడాది, 2021లో, తెలంగాణలో ఒక ప్రైవేటు ప్రచురణ సంస్థ వేసిన 8వ తరగతి సాంఘిక శాస్త్ర పుస్తకంలో ఉగ్రవాది బొమ్మ వచ్చింది. ఒక చేతిలో రాకెట్ లాంచర్, మరో చేతిలో ఖురాన్. ముస్లిం సమాజం భగ్గుమంది. ప్రచురణకర్తలు క్షమాపణ చెప్పారు. ఆ నిరసన న్యాయమైనది. అయితే బర్ధమాన్ బొమ్మ గురించి మన సభల్లో, మన పత్రికల్లో ఎంతమంది మాట్లాడారు? ఈ పత్రికను కూడా కలుపుకొనే అడుగుతున్నాం.

ఆ రెండు బొమ్మల వెనుక ఉన్న పద్ధతి ఒకటే. గుణాన్ని ఒంటికి అంటగట్టడం. బానపొట్ట కనిపిస్తే తిండిపోతు, మెల్లకన్నయితే జిత్తులమారి, నల్లని మేనయితే రాక్షసుడు, గడ్డం, టోపీ ఉంటే హంతకుడు. 1967లో మొదలైన అమర చిత్ర కథల్లో అసురులకు నల్లరంగునూ భారీకాయాన్నీ, నాయికలకు తెల్లని మేనినీ ఇచ్చిన తీరు మీద విమర్శలు ఏనాడో వచ్చాయి. పొట్ట చూసి నవ్వడం నేర్చిన పిల్లవాడికి టోపీ చూసి జంకడం నేర్పటం కష్టమేమీ కాదు.

ఇక మంచి ఉద్దేశంతో వేసిన పుస్తకాలను చూడండి. ముస్లిం బాలుడు ఎక్కడ కనిపిస్తాడు? పండుగల పాఠంలో, సేమియా గిన్నె పక్కన. బంతి ఆడే పేజీలో, వానలో తడిసే పేజీలో, లెక్క తప్పి తల గోక్కునే పేజీలో అతడు ఉండడు. ఏడాదికొక్కసారి వచ్చిపోయే చుట్టం లాంటివాడు!

మన ఇళ్లలో మాత్రం? కాలూ, మోటూ, లంబూ... ముద్దు పేర్లే అంటాం. సంబంధాలు చూసేటప్పుడు మొదట అడిగేది పిల్ల రంగు గురించే. సూరా హుజురాత్ 11వ ఆయత్ ఒకరినొకరు ఎగతాళి చేయడాన్నీ, కించపరిచే పేర్లతో పిలవడాన్నీ స్పష్టంగా నిషేధించింది. హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె మస్వూద్ (రజి) సన్నని పిక్కలను చూసి సహచరులు నవ్వినప్పుడు, తీర్పుదినాన త్రాసులో ఆ కాళ్లు ఉహుద్ కొండ కన్నా బరువు తూగుతాయని దైవప్రవక్త (స) చెప్పారు. ఈ హదీసును జుమా ప్రసంగాల్లో విన్నవాళ్లం, పిల్లల పుస్తకం తెరిచినప్పుడు గుర్తుకు తెచ్చుకోం.

2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను శారీరకంగా దండించడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. తన రంగునో ఒంటినో వెక్కిరించే పాఠాన్ని తరగతిలో పైకి చదవవలసి వచ్చిన బిడ్డ పడేది మానసిక వేధింపు కాదా? తల్లిదండ్రుల సమావేశంలో ఈ ప్రశ్న అడగవచ్చు. పేజీ సంఖ్యతో సహా ప్రచురణకర్తకూ, విద్యాశాఖాధికారికీ రాతపూర్వకంగా తెలియజేయవచ్చు. మన యాజమాన్యంలో నడిచే బడులకైతే ఎవరినీ అడగనక్కరలేదు, పుస్తకాలను ఎంచుకునేది మనమే. అక్కడ ధర, అట్ట అందం చూసి ఆర్డరు పెట్టేస్తున్నాం.

జూన్‌లో కొత్త పుస్తకాలు ఇంటికి వస్తాయి. అట్టలు వేసే ముందు, బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారి బొమ్మలన్నీ చూడండి. ఏ బొమ్మ దగ్గర నవ్వాడో, ఏ బొమ్మ దగ్గర మౌనంగా ఉండిపోయాడో గమనించండి.