ఉచిత సోర్సు కోడు – దాతల షరతులు

కంప్యూటరు విద్య నభ్యసించు విద్యార్థులు ప్రోగ్రాములు వ్రాయునపుడు, ఇంటర్నెట్టులో నుచితముగా లభించు సోర్సు కోడును రెండు మూడు చోట్లనుండి తెచ్చి యొక్కటిగా కూర్చుకొనుట పరిపాటి యైనది. దీనిని మేము దోషముగా నెంచము. ఒకరు వ్రాసినదానిపై మఱియొకరు కట్టుట వలననే యీ విద్య యింతగా వృద్ధి చెందినది. కాని ‘ఉచితము’ అను మాటకు ‘యజమాని లేనిది’ అని యర్థము చెప్పుకొనుట మాత్రము సరికాదని మా యభిప్రాయము.

మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టము, తరువాతి సవరణల వలన, కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్య కృతులలో చేర్చినది. కావ్యముల సరసన కోడునకు పీట లభించుట మన తెలుగు పండితులకు విడ్డూరముగా తోచవచ్చును! కావున లైసెన్సు ఏదియు లేని కోడు ఎల్లరిదియు కాదు; వ్రాసినవానిదే. లైసెన్సనగా నతడు మనకొసగు అనుమతి పత్రము. అందలి షరతులు నెరవేర్చినంతకాలమే యా యనుమతి నిలుచును.

ఇట్టి పత్రములు రెండు కలిసినపుడే చిక్కు పుట్టును. ఒక యూర సత్రము కట్టుటకు ఇరువురు దాతలు ముందునకు వచ్చిరనుకొందము. మొదటివాడు స్థలమిచ్చి, “ఇందెవరైనను బస చేయవచ్చును, నేను పెట్టిన షరతులకు మించి మఱి యే షరతును దీనిపై నెవరును విధింపరాదు” అని వ్రాసెను. రెండవవాడు కలప యిచ్చి, “ఈ సత్రమును గూర్చి ప్రకటించునపుడెల్ల నా పేరు చెప్పవలెను” అని వ్రాసెను. ఇరువురును ఉదారులే. ఐనను రెండవవాని మాట నిలిపినచో మొదటివాని మాట తప్పును. సత్రము లేవదు.

1991లో వెలువడిన జి.పి.ఎల్. రెండవ కూర్పు ఆ మొదటి దాత వంటిది. దాని క్రింది కోడుతో కూర్చిన ప్రోగ్రామును ఇతరులకిచ్చునపుడు, మొత్తమును ఆ లైసెన్సుతోనే, సోర్సు కోడుతో సహా ఇయ్యవలెను. కొత్త నిర్బంధములు చేర్చరాదు. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము వారి పాత బి.ఎస్.డి. లైసెన్సు రెండవ దాత వంటిది. ప్రకటనలలో తమ పేరు చెప్పవలెనను ఆ నియమమును వారు 1999లో తొలగించిరి. ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అను ప్రసిద్ధ ప్రోగ్రామునకును ఇట్టి నియమమే చాలకాలముండెను. దానిని వాడుకొనదలచిన జి.పి.ఎల్. రచయితలు అనేకులు ప్రత్యేకానుమతి నొకదానిని వ్రాసి తమ లైసెన్సునకు జత చేయవలసివచ్చెను. తుదకు 2021లో వెలువడిన 3.0 కూర్పుతో అది అపాచీ లైసెన్సు క్రిందికి వచ్చినది.

అంతకంటె విచారకరమైనది జెడ్.ఎఫ్.ఎస్. కథ. సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీవారు 2005లో తమ సొలారిస్ సోర్సు కోడును సి.డి.డి.ఎల్. అను లైసెన్సుతో లోకమునకు విడిచిరి. అందలి జెడ్.ఎఫ్.ఎస్. అను ఫైలు వ్యవస్థ, డిస్కుపై నిలువయున్న సమాచారము చెడినచో దానంతట తానే పసిగట్టగలదు. లినక్సు కెర్నలునకు అట్టిది ఉపయుక్తమే. కాని కెర్నలు జి.పి.ఎల్. రెండవ కూర్పు క్రింద నున్నది. తన ఫైళ్లు తన లైసెన్సులోనే యుండవలెనని సి.డి.డి.ఎల్. కోరును, కలిసిన మొత్తము తన లైసెన్సులోనికి రావలెనని జి.పి.ఎల్. కోరును. అందుచేత నేటికిని జెడ్.ఎఫ్.ఎస్. కెర్నలులో చేరక వేఱుగానే పెంపొందుచున్నది. 2016లో కెనానికల్ కంపెనీవారు దానిని తమ ఉబుంటులో జత చేసి పంచినపుడు, అది చెల్లునని వారును, చెల్లదని సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ వారును వాదించిరి.

అన్ని లైసెన్సులును ఇట్లు పోరాడవు. ఎం.ఐ.టి., కొత్త బి.ఎస్.డి. లైసెన్సుల కోడును జి.పి.ఎల్. ప్రోగ్రాములో చేర్చుకొనవచ్చును, వ్రాసినవారి పేరును, అనుమతి వాక్యమును చెరపకుండిన చాలును. నీరు పల్లమునకు పాఱునట్లు ఈ కోడు ఆ వైపునకే పోవును, జి.పి.ఎల్. కోడును తెచ్చి ఎం.ఐ.టి. పేరుతో పంచుటకు వీలులేదు. 2004 నాటి అపాచీ రెండవ లైసెన్సు కోడు 2007లో వచ్చిన జి.పి.ఎల్. మూడవ కూర్పుతో పొసగును గాని, రెండవ కూర్పుతో పొసగదు. ఇంట తన యంత్రముపై ఏ రెండు కోడులు కలుపుకొన్నను జి.పి.ఎల్. అడ్డుచెప్పదు, ఇతరులకిచ్చునపుడే దాని షరతులు వర్తించును.

ఈ చిక్కులకెల్ల జి.పి.ఎల్. పట్టుదలయే కారణమని కొందఱందురు. మేము సమ్మతింపము. తాను పొందిన స్వేచ్ఛను తన తరువాతివానికి తగ్గింపరాదనుట అన్యాయము కాదు. ప్రతి కంపెనీయు తనకొక కొత్త లైసెన్సును వ్రాసికొనుటయే అసలు దోషము. ఒకసారి వ్రాసి పంచినపిమ్మట దానిని మార్చుట సులభము కాదు. కోడులో పాలుపంచుకొన్నవారిలో, తమ హక్కును నిలుపుకొన్న ప్రతివాని సమ్మతియు కావలెను. దొరకనివాని భాగమును తీసివేసి తిరిగి వ్రాయవలెను.

కావున విద్యార్థులు తమ ప్రోగ్రామును లోకమునకు విడువదలచినచో సొంత లైసెన్సు కల్పింపక, ప్రసిద్ధములైన వానిలో నొకదానిని పని మొదలిడుటకు ముందే యెన్నుకొనవలెను. ఉపాధ్యాయులు ప్రాజెక్టు పుస్తకమున ఒక పుట కేటాయించి, తెచ్చుకొన్న ప్రతి భాగము ఎక్కడిది, ఎవరిది, ఏ లైసెన్సు క్రిందిది అని విద్యార్థులచేత వ్రాయించి, దానికిని కొన్ని మార్కులు ఉంచవలెనని మా మనవి.