వంశమున వచ్చు ప్రేవుబుడిపెలు – పసుపుగుళికలు

ఈ మాసము మేము వ్రాయబూనినది పసుపును గూర్చియే యైనను, జలుబునకును గాయమునకును మనమందరము వాడు చిటికెడు పసుపును గూర్చి కాదు. నరసరావుపేట వైపు పత్తియు మిరపయు సాగుచేయు కుటుంబములోని సోదరి యొకరు మాకు జాబు వ్రాసినారు. ఆమె మామగారు 42 ఏండ్ల ప్రాయమున పెద్దప్రేవు పుట్టకురుపుతో గతించిరట. ఇప్పుడు భర్తకు 36వ యేట పెద్దప్రేవునిండ వందలకొలది బుడిపెలు కనబడినవి. ప్రేవును తీసివేయవలెనని వైద్యులు చెప్పిరి. అంతలో దగ్గరి బంధు వొకరు పసుపుసారపు గుళికల సీసా తెచ్చియిచ్చి, "కత్తికి తొందరయేల? ఒక్క యేడాది ఇవి మ్రింగి చూడుడు" అనిరి. ఈ దంపతులకు 12 ఏండ్ల కుమార్తె కలదు. గుళికలతో ఆగవచ్చునా, పిల్లకు గూడ ఇప్పటినుండియే ఇచ్చినచో మేలా యని ఆమె ప్రశ్న.

ఆగరాదు. పిల్లకు గుళికలు అక్కరలేదు, పరీక్ష కావలెను. ఈ రెండు మాటలను ఆమెకు వెంటనే జాబుగా పంపితిమి. ఇట్టి సీసాలు మరికొన్ని యిండ్లలోనికిని వచ్చుచున్నవని విని, కారణములను ఇచట వివరముగా వ్రాయుచున్నాము.

మన శరీరమున ఏ.పి.సి. అను జన్యువొకటి కలదు. ప్రేవులోపలి పొర మితిమీరి పెరుగకుండ కళ్లెము పట్టుట దాని పని. అది అయిదవ క్రోమోజోముపై నుండునని 1991లో గుర్తించిరి. ఈ జన్యువు చెడి పుట్టినవారికి సాధారణముగా పదునాలుగు పదునారేండ్ల ప్రాయమునకే పెద్దప్రేవులో బుడిపెలు మొలచుట కారంభించి, క్రమముగా వందలు, ఒక్కొక్కరిలో వేలు నగును. మొదట ఏ బాధయు నుండదు. తరువాత విరేచనములో నెత్తురు పడినను, "మొలలే కదా" యని సిగ్గుచేత దాచుదురు. చికిత్స లేకున్నచో నలువదియేండ్లు దాటునప్పటికి దాదాపు అందరిలోను ఏదో యొక బుడిపె పుట్టకురుపుగా మారును. అయిదు వందల బుడిపెలలో నాలుగు వందల తొంబదితొమ్మిది ఊరకుండినను, మారిన ఆ యొక్కటి చాలును. ఈ మాట పాఠకురాండ్రు గుర్తుంచుకొనవలెను, పసుపు లెక్క దీనిపైననే యాధారపడియున్నది.

ఇట్టి ఇండ్లలో నింద ముందుగా ఆడువారిపైననే పడుచుండును. "కోడలు వేసిన కారమే కొంప ముంచినది" అని యనువా రున్నారు. గుంటూరు మిరపకాయ నోరు మండించును గాని జన్యువును చెరుపదు. జన్యువు చెడిన తండ్రిగాని తల్లిగాని ఉన్నచో, పుట్టు ప్రతి బిడ్డకును అది వచ్చుటకు సగము, రాకుండుటకు సగము అవకాశము. ఆడ మగ భేదము లేదు. మొదటి బిడ్డకు వచ్చినంతమాత్రమున రెండవ బిడ్డ తప్పించుకొనునను లెక్కయు లేదు. ఇంచుమించు నాలుగింట నొకవంతు రోగులలో తల్లిదండ్రు లిద్దరికిని ఏమియు నుండదు. వ్యాధి వారితోనే క్రొత్తగా మొదలగును.

మేనరికమును గూర్చియు నొక మాట. పైన చెప్పిన వ్యాధికి మేనరికము కారణము కాదు, ఒక్కవైపునుండి వచ్చినను చాలును గనుక. అయితే 2002లో గుర్తింపబడిన మరియొక విధమైన బుడిపెల వ్యాధి కలదు. అది ఎం.యు.టి.వై.హెచ్. అను జన్యువు వలన కలుగునది. అందు చెడిన ప్రతి తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి రావలెను. తల్లిదండ్రులు ఆరోగ్యముగనే యుందురు, బిడ్డలలో నాలుగింట నొకరికి వచ్చు నవకాశ ముండును. మేనమామనో మేనబావనో పెండ్లాడుట వాడుకగా నున్న మన సీమలో, ఇట్టి దాగిన జన్యువు రెండువైపులనుండి కలిసికొనుట సులభము. కావున వైద్యుడు "మీది మేనరికమా?" యని యడిగినపుడు అవమానముగా నెంచక నిజము చెప్పవలెను.

ఇక పసుపు. తెనాలి చెంతనున్న దుగ్గిరాల పసుపు యార్డును ఎరుగని గుంటూరు సీమ గృహిణి యుండదు. పసుపులోని పచ్చదనమునకు మూలమైన పదార్థమును కర్క్యుమిన్ అందురు. వాపును తగ్గించు గుణము దానికి కలదని ప్రయోగశాలలలో చూచినందున, దానిని ఈ వ్యాధిపై ప్రయోగించి చూడవలెనను కోరిక వైద్యులకు కలుగుట సహజమే. అమెరికాలో మార్సియా క్రూజ్-కొరియా యను వైద్యురాలును ఆమె సహచరులును 2006లో ఒక చిన్న ప్రయత్నమును ప్రచురించిరి. అయిదుగురు రోగులకు 480 మిల్లీగ్రాముల కర్క్యుమిన్‌ను, ఉల్లిపాయలలో నుండు క్వెర్సెటిన్‌ను 20 మిల్లీగ్రాములు చేర్చి, దినమునకు మూడుమార్లు ఇచ్చిరి. ఇంచుమించు ఆరు మాసములకు బుడిపెల సంఖ్య సగటున నూటికి 60 వంతులును, పరిమాణము 50 వంతులును తగ్గినవి. సీసాలు అమ్మువారు నేటికిని చూపునది ఈ కాగితమునే.

కాని, సోదరీమణులారా, గుంటూరు ప్రక్కనున్న లాం పరిశోధనాక్షేత్రములో క్రొత్త మిరపరకమును ఎట్లు పరీక్షింతురు? పెరటిలో అయిదు మొక్కలు విరగకాచెనని రైతునకు విత్తన మీయరు. ఒకే నేలలో, ఒకే నీటితో, ప్రక్కనే తెలిసిన రకమును గూడ నాటి పోల్చి చూతురు. ఆ 2006నాటి అయిదుగురి ప్రక్కన గుళిక లేనివా రెవ్వరును లేరు. ఈ లోపమును ఎరిగినది గనుకనే ఆ వైద్యురాలే మరల పూనుకొని, 44 మంది రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టునకు దినమునకు 3 గ్రాముల కర్క్యుమిన్‌ను, రెండవ జట్టునకు మందులేని గుళికను 12 మాసములు ఇచ్చి చూచెను. ఎవరికి ఏది ఇచ్చిరో రోగులకు తెలియనీయలేదు. ఫలితము 2018లో వెలువడినది. బుడిపెల సంఖ్యలోగాని పరిమాణములోగాని రెండు జట్లకును చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. తాను పెట్టుకొన్న యాశను తానే త్రాసులో నుంచి తూచి, తేలిన మాటను దాచక చెప్పిన ఆ వనితను మే మెంతయు గౌరవింతుము. సీసామీద మాత్రము ఆ రెండవ కాగితపు ఊసు లేదు.

"గుళికలు వద్దు, వంటలోనే పసుపు పెంచెదము" అందురేమో. పసుపులో నూటికి 3 పాళ్లు కర్క్యుమిన్ ఉన్నదని లెక్కవేసికొన్నచో, 3 గ్రాముల కర్క్యుమిన్‌కు నూరు గ్రాముల పసుపు కావలెను. అంత పసుపు పడిన పప్పును ఏ మగడు తినును? తిన్నను, కర్క్యుమిన్ రక్తములోనికి చేరునది బహుస్వల్పము. అందులకే కొన్ని గుళికలలో మిరియపు సారమును చేర్చుదురు. చేర్చినచో ఎక్కువగా చేరును గాని, రోగి వాడు ఇతరౌషధముల బలము గూడ దానితో మారవచ్చును. ఇటలీలో 2019లో ఇట్టి గుళికలు వాడిన పలువురికి కాలేయవాపు కనబడినందున అచటి ప్రభుత్వము హెచ్చరిక చేసినది. నెత్తురు పలుచబడు మందులు వాడువారును, శస్త్రచికిత్సకు సిద్ధమగుచున్నవారును వీనిని వైద్యునకు చెప్పక మ్రింగరాదు. కూరలో వేయు పసుపును మాత్రము మానవలసిన పనిలేదు. మిలమిల మెరయు పొడికి ఆశపడక, కొమ్ములు కొని యింట దంచుకొనుట మేలు. రంగుకొరకు సీసపు క్రోమేటు కలుపు దుర్మార్గులు ఉన్నారు.

తక్కిన వానిని గూర్చి క్లుప్తముగా చెప్పెదము. చేపనూనెలోని ఇ.పి.ఎ. అను కొవ్వును శుద్ధిచేసి దినమునకు 2 గ్రాములు ఆరుమాసములు ఇచ్చిన పరీక్షలో, మందులేని గుళిక తిన్నవారితో పోల్చగా బుడిపెలు నూటికి 22 వంతులు తగ్గినట్లు 2010లో ప్రచురించిరి. బాపట్ల తీరపు చేపలపులుసు ఆ మందు కాదు. చల్లారిన అన్నములో కొంత కనబడునట్టి, తేలికగా జీర్ణముకాని పిండిని దినమునకు 30 గ్రాములు చొప్పున ఈ వ్యాధిగల చిన్నవారికి ఇచ్చి చూచిరి. బుడిపెలు తగ్గలేదని 2011లో తేలినది. చద్దియన్నము మంచిదే, ఈ పనికి మాత్రము చాలదు. వైద్యులు వ్రాయు గట్టి మందైన సెలెకాక్సిబ్ సైతము ఆరుమాసములలో నూటికి 28 వంతులే తగ్గించెను. నూటికి 28 పోయినను 72 మిగులును. ముందు చెప్పిన ఆ యొక్కటి ఆ మిగిలిన వానిలో నుండవచ్చును. గుళికవలన కలుగు పెద్ద హాని గుళికలో లేదు. దానిని నమ్ముకొని ఊరకున్న యేడాదిలో నున్నది.

మన ప్రాచీనులు కత్తిని నిషేధించిరని చెప్పువారికి ఒక సమాధానము. సుశ్రుతుడు అర్శోరోగమునకు ఔషధము, క్షారము, అగ్ని, శస్త్రము అని నాలుగు ఉపాయములు చెప్పినాడు. ఔషధముతో తీరునది ఔషధముతోను, తీరనిది శస్త్రముతోను చేయుమనియే ఆయన తాత్పర్యము. ఆయన పేరు చెప్పి శస్త్రమును మానిపించుట ఆయనకు గౌరవము గాదు.

ఇక ఆ 12 ఏండ్ల పిల్ల మాట. మొదట తండ్రి రక్తమును పరీక్షించి, జన్యువు ఎచట చెడినదో కనుగొనవలెను. అది తెలిసినచో పిల్ల రక్తములో ఆ యొక్క చోటునే చూతురు. ఆమెకు రాలేదని తేలినచో ఈ వ్యాధికై యేటేట పరీక్షలు అవసరము లేదు, ఆమెకు పుట్టబోవు బిడ్డలకును ఆ తండ్రి వలన భయము లేదు. వచ్చినదని తేలినచో ఈ ప్రాయమునుండియే ఏడాదికొకమారో, వైద్యుడు చెప్పిన గడువుకో గొట్టముతో ప్రేవును చూడవలెను. సాధారణముగా పదునెనిమిది మొదలు ఇరువదియైదేండ్ల నడుమ శస్త్రచికిత్స చేయుదురు. గుంటూరు ప్రభుత్వ సార్వజనిక వైద్యశాలలోను, మంగళగిరి ఎయిమ్స్‌లోను అడిగినచో పరీక్షల దారి చెప్పుదురు. "ఆడపిల్లకు జన్యుపరీక్ష చేయించినచో పెండ్లి కాదు" అను భయము మాకు తెలియనిది కాదు. పరీక్షను దాచిపెట్టవచ్చును, ముప్పది యేండ్లకు వచ్చు రోగమును దాచుట యెట్లు?

పెద్దప్రేవు తీసివేసిన పిమ్మట చిన్నప్రేవును పురీషనాళమునకు అతుకుదురు, లేదా చిన్నప్రేవుతోనే సంచివంటి దానిని కట్టుదురు. దినమునకు నాలుగైదు సార్లు, కొందరికి అంతకెక్కువ, విరేచనమునకు పోవలసియుండును. పొలము పనియు, బడిపనియు, కాపురమును సాగును. సంచి కట్టినచో స్త్రీలకు గర్భము నిలుచుట కొంత ఆలస్యము కావచ్చును. ఈ సంగతి పురుషవైద్యుడు తానై చెప్పకపోవచ్చును, కన్నెపిల్ల తానై యడుగజాలదు, తల్లియే అడుగవలెను. శస్త్రము తరువాతను మిగిలిన భాగమునకును, చిన్నప్రేవు మొదటి భాగమునకును పరీక్షలు మానరాదు.

లండనులోని సెయింట్ మార్క్స్ వైద్యశాలవారు ఇట్టి కుటుంబముల వంశవృక్షములను 1924 నుండి వ్రాసి యుంచుచున్నారు. మన యిండ్లలో తద్దినముల తిథులు ఆడువారికి కంఠస్థము. మామగారు బహుళ ఏకాదశినాడు పోయినారని చెప్పగలము. ఏ వయసున, ఏ జబ్బున పోయినారని యడిగినచో, "ఏదో కడుపునొప్పి" యందుము. తిథి వ్రాసిన పుస్తకమునందే ప్రక్కన వయసును, జబ్బును గూడ వ్రాయుడు. పుట్టింటివైపున గూడ మరువక వ్రాయుడు. ఆ పుటను వైద్యునకు చూపినచో సగము ప్రశ్నలకు సమాధానము దొరకును.

గొట్టపు పరీక్షకు ముందు వంటింటివారు చేయవలసినది కొంత కలదు. ప్రేవు పరిశుభ్రముగా లేకున్నచో చిన్న బుడిపెలు కనబడక, మరల రమ్మందురు. మూడు దినములు ముందుగా మిరపగింజలు, నువ్వులు, జామ, టొమాటో, వంకాయ, గోంగూర, తోటకూర మానిపించవలెను; గింజలు ప్రేవునకు అంటుకొని యద్దమునకు అడ్డుపడును. పొట్టులేని పెసరపప్పుకట్టు, తెల్లని యన్నము, గ్రుడ్డు, ఇడ్డెన పెట్టవచ్చును. ముందునాడు వైద్యుడు చెప్పిన గడియనుండి తేరిన ద్రవములే, అనగా వడకట్టిన చారునీరు, కొబ్బరినీరు, పాలు లేని తేనీరు ఇయ్యవలెను. ఎర్రని పానకములు కూడవు, నెత్తురని పొరపడుదురు. ప్రేవును కడుగు మందునీటిని చల్లబరచి, కొంచెము కొంచెముగా త్రాగించినచో వాంతి కాదు. పిల్లలకైతే ప్రక్కన కూర్చుండి, గడియారము చూచి గ్లాసు అందించువారు ఒకరుండవలెను. మత్తుమందు ఇత్తురు గనుక తిరిగివచ్చునపుడు తోడు తప్పనిసరి. ఆనాటి సాయంకాలము మెత్తని మజ్జిగన్నము పెట్టవచ్చును.