మార్కులు గావాలె, మాట ఇనుడు గూడ గావాలె

ఫారిన్‌ల ఎంబీబీఎస్ చేసొచ్చిన పిల్లల ముచ్చట వచ్చినప్పుడల్లా మనకాడ రెండు మాటలు ఇనవడుతయి. ‘ఎఫ్ఎంజీఈ పాస్ గానోడు డాక్టరెట్లయితడు?’ అని ఒకలు. ‘మార్కులతోని ఏమొస్తది, హస్తవాసి ఉండాలె గని’ అని ఇంకొకలు. నన్నడిగితే రెండు మాటలల్ల గూడ సగం నిజమే ఉన్నది.

ముందుగాల మార్కుల సంగతి. అమెరికాల డాక్టర్ లైసెన్స్ కావాలంటే యూఎస్ఎంఎల్ఈ రాయాలె. ఇక్కడ చదివి ఆడికి పోయిన మన తెలుగోళ్లు రాసేది గూడ గదే. బయటి దేశాల కాలేజీలల్ల చదివి పెన్సిల్వేనియాల పనిచేస్తున్న 2,525 మంది డాక్టర్ల మీద చేసిన స్టడీ 2014ల అచ్చయింది. గుండెపోటు, హార్ట్ ఫెయిల్యూర్‌తోని దవాఖాన్ల చేరిన 60 వేలకు పైన కేసులు చూసిన్రు. స్టెప్-2 సీకే స్కోరు ఒక్క పాయింట్ పెరిగితే పేషెంటు చావు ప్రమాదం 0.2 శాతం తగ్గినట్టు తేలింది. 20 పాయింట్ల తేడా ఉంటే సుమారు 4 శాతం. అంటే 100 మంది సచ్చేకాడ 96 మంది. లెక్కల చిన్నగ కనవడ్తది గని, ఆ నాలుగు ఇండ్లకు అది చిన్నది గాదు.

గని ఇది వేల కేసుల సగటు. ఒక్క డాక్టర్‌ను పట్టుకొని ‘నీ స్కోరు గింత, నువ్వు గింతే’ అననీకి రాదు.

ఇగ రెండో దిక్కు. కెనడాల పేషెంట్ల లెక్క నటించేటోళ్లను కూసోబెట్టి డాక్టర్లకు పరీక్ష పెట్టేటోళ్లు. అది రాసిన 3,424 మందిని ఏండ్ల తరబడి గమనించి, 2007ల ఫలితం చెప్పిన్రు. పేషెంటుతోని మాట్లాడుట్ల తక్కువ మార్కులు వచ్చినోళ్ల మీద తర్వాత ఫిర్యాదులు ఎక్కువ వచ్చినయి.

మన ఎఫ్ఎంజీఈల ఏమున్నది? 300 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు, 150 కరెక్టయితే పాస్. ఆ హాల్‌ల పేషెంటే ఉండడు. ప్రశ్నల బీపీ, రిపోర్టులు అన్నీ రాసే ఉంటయి. ఊరి పీహెచ్‌సీకి వచ్చిన అవ్వ మాత్రం ‘దమ్మొస్తుంది బిడ్డా’ అని ఒక్క మాటనే అంటది. ‘పండుకుంటె ఎక్కువైతుందా అవ్వా? కాళ్లు వాస్తున్నయా?’ అని డాక్టరే అడగాలె. అడగకపోతే గుండె జబ్బు కాస్తా ఆయాసం గోలీతోని ఇంటికి పోతది.

ఈ లోటు సర్కారుకు తెల్వక గాదు. 2019 ఎన్ఎంసీ చట్టంల నెక్స్ట్ పరీక్ష పెట్టిన్రు. 2023ల వచ్చిన రూల్స్‌ల స్టెప్-1 థియరీ, స్టెప్-2 ప్రాక్టికల్ అన్నరు. అదే ఏడు జులైల వాయిదా వేసిన్రు.

నా మాటేందంటే, పేషెంటు ముందట కూసోబెట్టి చూసే పరీక్ష రావాలె. థియరీ పరీక్షను అల్కగ చేయొద్దు. గని పరీక్ష ఒక్కటి తెస్తే సరిపోదు. వార్డుల పేషెంట్లు, నేర్పే సార్లు లేని కాలేజీల చదివినోడికి ఎన్ని పరీక్షలు పెట్టినా లాభపడేది కోచింగ్ సెంటరే. నీట్‌కు చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు సీటు తీసుకునే ముందు ఫీజుతోని పాటు ఇంకో ముచ్చట గూడ అడగండ్రి: ఆ దవాఖానకు రోజుకు ఎంతమంది పేషెంట్లు వస్తున్నరు?