ఎర్రనీళ్ల డబ్బా – మన అభిప్రాయం

మన పాలకొల్లు చుట్టుపక్కల రొయ్యల చెరువుల గట్ల మీద ఎర్రనీళ్లు నిండిన డబ్బాలు చూస్తుంటాం. రైతులు దానిని 'పీఎస్‌బీ' అంటారు. అంటే కిరణజన్య సంయోగక్రియ జరిపే బాక్టీరియా. చెరువు అడుగు బురదలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ తగ్గుతుందని వీటిని చల్లుతారు. ఇటువంటి బాక్టీరియా మన తీరంలో సహజంగానే ఉంది. హైదరాబాదులో పనిచేసిన చింతలపాటి శశికళ, చింతలపాటి వెంకటరమణ గార్ల బృందం 2007లో రెండు కొత్త జాతులను ప్రకటించి, కాకినాడ, భీమిలి పేర్లే పెట్టింది.

ఇప్పుడు శాస్త్రవేత్తలు ఈ జీవుల జన్యువులను మార్చే పనిముట్లు తయారుచేశారు. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయంతో కొత్త జన్యువును లోపలికి పంపుతారు. క్రిస్పర్‌తో కావలసిన చోట డీఎన్‌ఏను కత్తిరిస్తారు. నీలి ఆకుపచ్చ నాచు కూడా బాక్టీరియానే. అందులో సినెకోసిస్టిస్ అనే రకానికి గాలిలోని నత్రజనిని పట్టే శక్తి లేదు. 2018లో అమెరికా శాస్త్రవేత్తలు మరో నాచు నుంచి 35 జన్యువులు చేర్చి దానికి ఆ శక్తి తెచ్చారు. ఏనాటికైనా వరి మొక్కకే ఈ శక్తి వస్తే యూరియా ఖర్చు తగ్గుతుంది. మాలో చాలామంది తల్లిదండ్రులు కౌలు రైతులు, చెరువుల్లో పట్టుబడికి వెళ్లే కూలీలు. ఆ ఖర్చు బరువు మాకు తెలుసు.

"ప్రకృతితో ఆటలా?" అని కొందరు పెద్దలంటారు. పరిశోధన ఆపమనడం సరికాదని మా అభిప్రాయం. అయితే ప్రయోగశాల సీసా వేరు, చెరువు వేరు. బాక్టీరియా ఒకదాని నుంచి ఒకటి జన్యువులు అందుకుంటాయి. చెరువు నీరు డ్రెయిన్లలో కలుస్తుంది. ఒకసారి వదిలిన జీవిని వెనక్కి పిలవలేం. అందుకే జన్యుమార్పిడి సూక్ష్మజీవులకు కేంద్రం అనుమతి తప్పనిసరి అని 1989 నిబంధనలు చెబుతున్నాయి. వాటిని గట్టిగా అమలు చేయాలి. డబ్బాలో ఏ జీవి ఉందో తెలుగులో రాయాలి. నడుము లోతు నీళ్లలో దిగే కూలీకి అది తెలుసుకునే హక్కు ఉంది.

మిత్రులారా! ఈ నిర్ణయాలు చేసే బల్ల దగ్గర మన పిల్లలు కూడా కూర్చోవాలి. అందుకు బైపీసీ పుస్తకం బట్టీ పడితే చాలదు. వచ్చే వార్షికోత్సవానికల్లా మన వసతి గృహానికి ఒక మంచి సూక్ష్మదర్శిని ఇప్పించాలని పెద్దలను కోరుతున్నాం. చెరువు నీటి చుక్కను మన కళ్లతో మనమే చూద్దాం.