ఏళ్ల లెక్క సరే.. రేకు లెక్క ఏదీ?

అనంతపురం: పాత కారు రోడ్డుపై ఉండాలా, తుక్కుకు పోవాలా అన్న ప్రశ్నకు ప్రభుత్వ నిబంధనలు చెప్పే సమాధానం వయసుతో మొదలవుతుంది. 15 ఏళ్లు దాటితే ఒక రుసుము, 20 దాటితే అంతకు రెట్టింపు, 50 నిండితే ఏకంగా వేరే నిబంధనావళి. అయితే కారులో కూర్చున్న వారి ప్రాణాలకు పూచీ పడేది దాని రేకు. ఆ రేకు ఎంత గట్టిగా ఉందో వయసు ఒక్కటే చెప్పలేదు. వర్షాభావానికి మారుపేరైన ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఈ వాస్తవం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడి పొడిగాలిలో అరవై ఏళ్ల నాటి రేకు చెక్కుచెదరకుండా ఉండవచ్చు. అదే గాలిలో, నిర్లక్ష్యం తోడైతే, పాతికేళ్లకే అడుగు ఊడిపోవచ్చు. ఈ రెండింటినీ వేరు చేసి చూసే కొలమానం నిబంధనల్లో కొరవడటమే అసలు సమస్య.

రుసుముల మెట్లు

కాలం చెల్లిన వాహనాలను తుక్కుగా మార్చే జాతీయ విధానాన్ని కేంద్రం 2021 ఆగస్టు 13న ప్రారంభించిన విషయం తెలిసిందే. దానికి కొనసాగింపుగా, 15 ఏళ్లు దాటిన సొంత కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి రూ.600 నుంచి రూ.5,000కు పెరిగింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని రూ.10,000 చేశారు. ద్విచక్ర వాహనాలకు రూ.2,000, దిగుమతి చేసుకున్న కార్లకు రూ.80,000గా నిర్ణయించారు. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్‌ను 2023 ఏప్రిల్ 1 నుంచి పునరుద్ధరించడం లేదు. సొంత వాహనాలకు మాత్రం ఈ ప్రాంతంలో వయసు రీత్యా నిషేధం లేదు. ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గి, రుసుము చెల్లిస్తే ఐదేళ్ల చొప్పున పొడిగింపు లభిస్తుంది.

తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండిన వాహనాలది వేరే దారి. 2021 జులైలో వెలువడిన నిబంధనల ప్రకారం వాటిని 'వింటేజ్' వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. కొత్తగా నమోదుకు రూ.20,000, పునర్నమోదుకు రూ.5,000 చెల్లించాలి. తొలి ధ్రువపత్రం పదేళ్లు చెల్లుతుంది. కొత్తగా నమోదయ్యే వాటికి 'వీఏ' అక్షరాలతో నంబరు కేటాయిస్తారు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనం పోయించుకోవడానికి, మరమ్మతులకు తప్ప వాటిని రోజువారీ అవసరాలకు గానీ, వాణిజ్యానికి గానీ నడపరాదు. 1970ల తొలినాళ్లలో రిజిస్టరైన అంబాసిడర్లు, ఫియట్లు, జీపులు ఇప్పుడు ఈ పరిధిలోకి వస్తున్నాయి. తాతల నాటి బండిని షెడ్డులో దాచుకున్న కుటుంబాలకు ఇది నిజంగా ఆలోచించుకోవాల్సిన తరుణం.

పొడిగాలి ఇచ్చిన వరం

ఇనుము తుప్పు పట్టాలంటే ప్రాణవాయువు, తేమ రెండూ కావాలి. గాలిలో తేమ సుమారు 60 శాతానికి లోపు ఉన్నంతకాలం తుప్పు చాలా మందకొడిగా సాగుతుంది. ఉప్పు తోడైతే అంతకంటే తక్కువ తేమలోనే అది మొదలవుతుంది. కోస్తా తీరంలో సముద్రపు గాలికి కార్ల రేకులు త్వరగా చిల్లులు పడటానికి కారణమిదే.

అనంతపురం పరిస్థితి ఇందుకు భిన్నం. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉండటం వల్ల నైరుతి రుతుపవనాలు ఇక్కడికి బలహీనపడి చేరతాయి. తూర్పు తీరానికి దూరంగా ఉన్నందున ఈశాన్య రుతుపవనాల ఫలమూ అంతంత మాత్రమే. జిల్లా సగటు వార్షిక వర్షపాతం దాదాపు 550 మిల్లీమీటర్లు కాగా, రాష్ట్ర సగటు 900 మిల్లీమీటర్లకు పైమాటే. రైతును నిలువునా ముంచిన ఈ కరవు గాలే ఇనుప రేకును కాపాడటం విచిత్రమే అయినా వాస్తవం.

వరం వెనుక శాపం

అంతమాత్రాన ఇక్కడి కార్లకు తుప్పు భయం లేదనుకుంటే పొరపాటే. ఈ నేలలో తుప్పు పైనుంచి గాక లోపలి నుంచి వస్తుంది. ఏళ్ల తరబడి కాసే ఎండకు అద్దాల చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ ఎండి, పగులుతుంది. రంగు పెళుసుబారుతుంది. సెప్టెంబరు, అక్టోబరులో కురిసే వానలకు ఆ పగుళ్ల గుండా నీరు దిగి డోర్ల అడుగున, కాళ్ల కింది కార్పెట్ల మాటున నిలిచిపోతుంది. పైన రేకు మెరుస్తూనే ఉంటుంది, కింద తుప్పు తినేస్తూ ఉంటుంది.

చక్రాల గూళ్లలో పేరుకునే మట్టి మరో శత్రువు. గుంతకల్లు, ఉరవకొండ, తాడిపత్రి ప్రాంతాల్లోని నల్లరేగడి ఎర్రమట్టి కన్నా ఎక్కువ కాలం తేమను పట్టి ఉంచుతుంది. వాన వెలిసి పదిరోజులైనా మడ్‌గార్డు లోపలి మట్టిముద్ద తడిగానే ఉంటుంది. దీనికి తోడు ఉప్పదనం ఎక్కువగా ఉన్న బోరునీటితో కారు కడిగితే నీరు ఆవిరై, లవణం అతుకుల్లో మిగిలిపోతుంది. తరచూ కడిగి మురిసే యజమాని తెలియకుండానే కారుకు ఉప్పు పెడుతున్నట్టు లెక్క.

కరవు సీమలో వరద రాదన్న ధీమా కూడా చెల్లదు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం నగరంలో పలు కాలనీలు జలమయమయ్యాయి. బురదనీట మునిగిన కారును పైపైన కడిగి ఎండలో ఆరబెడితే చాలదు. డోర్లు, అడుగు పెట్టెల లోపల చేరిన ఒండ్రును తీయకపోతే నాలుగైదేళ్లకు దాని ఫలితం బయటపడుతుంది.

పుట్టీ మాటున ప్రమాదం

తుప్పు తాను తిన్న ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రంగు కింద బొబ్బలు లేవడానికి కారణం అదే. బొబ్బ కనిపించేసరికి లోపల సగం పని పూర్తయి ఉంటుంది. ఈ దశలో చాలామంది ఎంచుకునే దారి చౌకది: పైన గీకి, చిల్లును పుట్టీతో పూడ్చి, ఉప్పు కాగితంతో నునుపు చేసి, రంగు కొట్టించడం. కారు కొత్తదిలా కళకళలాడుతుంది. పుట్టీ కింద చిక్కిన తేమ మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. ఏడాది, రెండేళ్లలో అదే చోట అంతకు రెట్టింపు చిల్లు తేలుతుంది.

ఇది అందానికి సంబంధించిన విషయం మాత్రమే అయితే ఉపేక్షించవచ్చు. జీపుకు, లారీకి బరువు మోసే ఛాసిస్ విడిగా ఉంటుంది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి కార్లలో అడుగు రేకు, డోర్ల కింది పెట్టెలు, స్తంభాలు అన్నీ కలిసి ఒకే గుల్లగా బరువు మోస్తాయి. ఆ భాగాల్లో తుప్పును పుట్టీతో కప్పడమంటే ఇంటి దూలానికి చెదపడితే సున్నం వేసి ఊరుకోవడమే. ఢీకొన్నప్పుడు ఆ గుల్ల నలిగే తీరు మారిపోతుంది, సీటు బెల్టు బిగించిన చోటే ఊడిరావచ్చు.

పాత కారు కొనేవారు చిన్న అయస్కాంతాన్ని వెంట తీసుకెళ్లడం మేలు. పలుచని గుడ్డ చుట్టి రేకుపై జరిపితే, పుట్టీ మందంగా ఉన్నచోట అది పట్టు వదులుతుంది. వేలి కణుపుతో తట్టినా తెలుస్తుంది: రేకు ఖంగుమంటుంది, పుట్టీ మొద్దుగా పలుకుతుంది. కార్పెట్ ఎత్తి చూడనివ్వని అమ్మకందారును అనుమానించక తప్పదు.

సరైన మరమ్మతు ఇలా

నిజాయతీ గల టింకరింగ్ పని ఓపికతో కూడుకున్నది. ముందు బ్యాటరీ కనెక్షన్ తీసి, వెల్డింగ్ చేసే చోటుకు దగ్గరైతే పెట్రోలు ట్యాంకును దింపాలి. సీట్లు, కార్పెట్లు తొలగించి, అడుగున తారు పూత ఉంటే గీకి, తుప్పు ఎంతవరకు పాకిందో తేల్చుకోవాలి. పైపై తుప్పయితే వైరు బ్రష్‌తో రుద్ది, ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన ద్రావకంతో శుద్ధి చేస్తే సరిపోతుంది. రేకు పలచబడినా, చిల్లు పడినా మంచి లోహం తగిలే వరకు కోసి తీసేయాల్సిందే.

కోసిన చోట అదే మందం గల కొత్త రేకును వంపు తీసి, అంచుకు అంచు ఆనించి అతకాలి. ఒకదానిపై ఒకటి ఎక్కించి అతికితే ఆ సందులో మళ్లీ నీరు చేరుతుంది. గ్యాస్ వెల్డింగ్ వేడికి పలుచని రేకు అలలుగా ముడుచుకుంటుంది. అందుకే మిగ్ వెల్డింగ్‌తో ఒకచోట చుక్క పెట్టి, దూరంగా మరో చుక్క పెట్టి, మధ్యమధ్య చల్లారనిస్తూ అతకడం మేలు. సుత్తి, డాలీలతో సమం చేశాక, పుట్టీ అవసరమైతే రెండు మూడు మిల్లీమీటర్లకు మించకూడదు. చివరగా ఎపాక్సీ ప్రైమర్, రంగు, లోపలి గుల్లల్లో మైనపు పూత. నీరు బయటకు పోవడానికి తయారీదారు ఉంచిన రంధ్రాలను మూసేయకపోవడం అన్నిటికన్నా ముఖ్యం.

పెనుకొండ సమీపంలోని కియా కర్మాగారం వంటి నేటి ప్లాంట్లలో కారు గుల్ల మొత్తాన్ని ప్రైమర్ తొట్టెలో ముంచి, విద్యుత్తు సాయంతో లోపలి మూలలకూ పూత పట్టిస్తారు. అరవై ఏళ్ల నాటి కార్లకు అటువంటి రక్షణ అంతగా లేదు. ఆ లోటును ఇప్పుడు టింకరింగ్ కార్మికుడి చేతులే తీర్చాలి.

నిబంధనల్లో మౌనం

ఇక్కడే వింటేజ్ నిబంధనలతో చిక్కు వస్తోంది. వాహనం అసలు రూపంలో ఉండాలని, ఛాసిస్‌లో, బాడీ గుల్లలో, ఇంజిన్‌లో మార్పులతో కూడిన గణనీయమైన మరమ్మతు జరిగి ఉండరాదని అవి చెబుతున్నాయి. తుప్పు పట్టిన అడుగు రేకును కోసి, అదే కొలతలో కొత్త రేకు అతికితే అది మార్పా, సంరక్షణా? నిబంధనలు దీన్ని విడమరచలేదు. ఫలితంగా పరిశీలించే అధికారి అవగాహనే కొలమానమవుతోంది. సక్రమంగా మరమ్మతు చేయించినవారు జంకుతుండగా, పుట్టీతో కప్పిపెట్టినవారు 'ఏ మార్పూ లేదు' అని ధీమాగా చెప్పుకునే పరిస్థితి ఉంది.

బ్రిటన్ ఈ చిక్కును ముందే గుర్తించింది. 40 ఏళ్లు దాటిన వాహనాలకు 2018 మే నుంచి వార్షిక పరీక్ష మినహాయింపు ఇస్తూ, గడచిన 30 ఏళ్లలో గణనీయమైన మార్పులు జరిగి ఉండరాదని షరతు పెట్టింది. అయితే అసలు నమూనాలోనే కొత్త ఛాసిస్ గానీ, బాడీ గుల్ల గానీ అమర్చితే దాన్ని గణనీయమైన మార్పుగా లెక్కించబోమని స్పష్టంగా రాసింది. ఆ ఒక్క వాక్యం మన నిబంధనల్లోనూ ఉంటే ఎంతో అయోమయం తొలగిపోయేది.

20 నుంచి 50 ఏళ్ల మధ్య వాహనాల విషయంలో లోపం మరో రకం. రేకు గట్టిగా ఉన్న కారుకూ, పుట్టీ బొమ్మకూ ఒకటే రుసుము. బ్రేకులు, పొగ, హెడ్‌లైట్ల పరీక్షకు యంత్రాలున్నాయి. గుల్ల లోపలి తుప్పును పట్టుకోవాల్సింది మాత్రం తనిఖీదారు కన్నే. ఆ కన్ను కారు కింద దాకా వెళ్లకపోతే పదివేల రుసుము ఖజానాకు చేరుతుందే తప్ప రోడ్డుకు భద్రత చేరదు.

చేతులకు గుర్తింపేదీ?

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. పద్మిని అంతకు చాలా ముందే కనుమరుగైంది. కొత్త డోరు, కొత్త మడ్‌గార్డు కొనుక్కునే వీలు లేనందున రేకును చేత్తో మలచగల కార్మికుడే దిక్కు. అనంతపురం, గుంతకల్లు, తాడిపత్రి, హిందూపురం, ధర్మవరం పట్టణాల్లోని టింకరింగ్ షెడ్లలో ఈ విద్య ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నదే. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరి, తాళాల తయారీ, సుత్తి, పనిముట్ల తయారీ ఉన్నాయి. కారు రేకు కొట్టే టింకరింగ్ పేరు లేదు. ఆ పథకం కింద రూ.15,000 పనిముట్ల సాయం, రెండు విడతల్లో రూ.3 లక్షల వరకు 5 శాతం వడ్డీకి రుణం అందుతాయి. గ్యాస్ నుంచి మిగ్ వెల్డింగ్‌కు మారాలనుకునే షెడ్డుకు ఇది చిన్న సాయమేమీ కాదు. ఇసుక విసిరి తుప్పు తీసే పనిలో లేచే ధూళి ఊపిరితిత్తులను దెబ్బతీసే సిలికోసిస్‌కు దారితీస్తుంది. ముఖానికి గుడ్డ కట్టుకుంటే సరిపోదన్న అవగాహనను కూడా అధికారులు కల్పించాలి.

చేయాల్సింది ఇదీ

పరిష్కారాలు ఖరీదైనవేమీ కావు. అసలు కొలతలో జరిగిన తుప్పు మరమ్మతును మార్పుగా పరిగణించబోమని కేంద్రం వివరణ ఇవ్వాలి. మరమ్మతుకు ముందు, రేకు కోసిన తరువాత, రంగుకు ముందు తీసిన ఫొటోలను యజమాని సమర్పిస్తే వాటిని రికార్డుగా స్వీకరించాలి. 20 ఏళ్లు దాటిన కార్ల ఫిట్‌నెస్ పరీక్షలో కారును పైకెత్తి అడుగు భాగాన్ని చూడటం తప్పనిసరి చేయాలి. ఆటో బాడీ మరమ్మతు, రేకు పని కోర్సులు ఐటీఐ పాఠ్యక్రమంలో ఉన్నందున, పనిచేస్తున్న టింకరింగ్ కార్మికులకు స్వల్పకాలిక శిక్షణ, ధ్రువపత్రం ఇవ్వడం అసాధ్యం కాదు.

యజమానుల వంతు కూడా ఉంది. వానాకాలానికి ముందు బీడింగ్ మార్పించడం, మడ్‌గార్డుల్లో మట్టి తీయించడం, బోరునీటితో కడిగితే వెంటనే తుడిచి ఆరబెట్టడం వేల రూపాయల ఖర్చును తప్పిస్తాయి. పాడైన రేకుతో తిరిగే బండి తుక్కుకు పోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. గట్టి రేకు ఉన్న బండి మాత్రం పుట్టిన ఏడాది పాతదన్న ఒకే కారణంతో దాని దారి పట్టకూడదు. ఆ రెండింటినీ విడదీసి చూపే తనిఖీ వచ్చిననాడే వసూలు చేసే రుసుముకు అర్థం ఉంటుంది.