కర్ణికారము: కాళిదాసుని ఆదరము

కుమారసంభవ తృతీయసర్గమున అకాలవసంతమును వర్ణించుచు కాళిదాసు, కర్ణికారమునకు వన్నె కలదు గాని వాసన లేదనెను. గుణములన్నింటిని ఒక్కచోట కూర్చుటకు విధాత విముఖుడని కారణము చెప్పెను. ఈ శ్లోకమును సుభాషితముగా విడదీసి వల్లించుట పరిపాటియైనది. అది సగము పాఠము మాత్రమే. అదే సర్గమున పార్వతి దాల్చిన వసంతపుష్పాభరణములలో బంగారుకాంతిని హరించిన కర్ణికారమున్నది. ఆమె శివునకు ప్రణమిల్లునపుడు నల్లని ముంగురుల నడుమ నుండి జారినదియు నవకర్ణికారమే. నిర్గంధమని కవి కొరత చెప్పిన పువ్వే దేవి శిరస్సునెక్కి, ఆమె నమస్కారమునకు సాక్షియైనది! ఏ శ్లోకమునకా శ్లోకముగా ప్రతిపదార్థముతో ముగించు బోధనలో ఈ సంబంధము గోచరింపదు.

ఇక ఆ చెట్టేది? అమరసింహుడు ఆరగ్వధమును, కర్ణికారమును వేర్వేరుగా పఠించెను. భావప్రకాశము కర్ణికారమును ఆరగ్వధపర్యాయముగా, అనగా రేలగా, గ్రహించినది. కేరళీయులు విషుకణియందుంచు కొన్నపువ్వు అదియే. తెలుగు నిఘంటువులు కొండగోగనును. హిందీలో కనకచంపా యనబడు చెట్టే కర్ణికారమని కొందరాధునికులనుట మాత్రము పొసగదు. దాని పువ్వు పరిమళభరితము కదా! వసంతారంభమున ఆకులు రాల్చి పసుపుపచ్చని పూలతో నిలుచు కొండగోగును కొండవాలున చూపుట కష్టము కాదు. కర్ణికారమనగా 'ఒక వృక్షవిశేషము' అని వ్రాసిన విద్యార్థికి పూర్ణాంకములిచ్చుట ఇకనైన మానవలెను.