ఉదయగిరి యుద్ధంలో ఉదయగిరి ఎక్కడ?

నెల్లూరు మెట్టప్రాంతంలోని ఉదయగిరి దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి మరుసటి ఏడాది వేసవిలో గెలిచారు. గజపతి ప్రతాపరుద్రుడి పినతండ్రి తిరుమల రాహుతరాయడు బందీగా చిక్కాడు. 1535 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు గుర్రాల వ్యాపారి న్యూనిజ్, ఆ ముట్టడికి ఏడాదిన్నర పట్టిందనీ, బండలు పగలగొట్టి కొండలు తొలిచి సైన్యానికి దారి వేశారనీ రాశాడు. కోటలోని బాలకృష్ణుడి విగ్రహాన్ని రాయలు హంపీకి తరలించి, 1515లో దానికోసం గుడి కట్టించారు. ఆ గుడి తూర్పు గోపురం మీద ఇప్పటికీ ఏనుగులు, గుర్రాలు, డాళ్లు పట్టిన భటులు సున్నపు బొమ్మలుగా కనిపిస్తారు. అవి ఉదయగిరి పోరాట దృశ్యాలేనని పండితులు భావిస్తారు. విగ్రహం మాత్రం ఇవాళ చెన్నై మ్యూజియంలో ఉంది. ఒక్క యుద్ధం చుట్టూ ఇంత శిల్పం, ఇంత కవిత్వం పుట్టాయి. వాటిలో ఉదయగిరి జనం మాత్రం లేరు. అన్ని నెలలు కొండ కింద దిగిన దండు ఎవరి గాదెల్లో గింజలు తిన్నది, ఎవరి చెరువు తాగింది, బండలు కొట్టిన కూలీలు ఏమయ్యారు? ఏ శిల్పీ చెక్కలేదు, ఏ కవీ అడగలేదు.

దీనికి రాయల కొలువులోని పెద్దననో తిమ్మననో నిందించడం తెలివితక్కువ. ఆస్థానకవి పని ప్రభువును పొగడటమే, ఆ పనిని వాళ్లు అద్భుతంగా చేశారు. చిక్కంతా ఆ పొగడ్తే మన చరిత్రజ్ఞానంగా స్థిరపడిపోవడంలో ఉంది. రాయల దిగ్విజయం అనగానే ఉదయగిరి, కొండవీడు, కటకం అని వరసగా అప్పజెబుతాం. కోటలన్నీ ఆ దారిలో మైలురాళ్లు అయిపోతాయి. మైలురాయి దగ్గర మనుషులు బతికారని ఎవరికీ తట్టదు. యుద్ధం గురించి సామాన్యుడికి తెలిసేదంతా శాసనాల వల్ల కాదు, కళ వల్లే. కాబట్టి కళ దేన్ని వదిలేసిందో అదే జనానికి తెలియకుండా పోతుంది.

అయితే ఈ మెట్టప్రాంతానికే మరో రకం యుద్ధకథ ఉంది. ఉదయగిరికి ఉత్తరాన కనిగిరి వైపు, పాలేటి గట్టున జరిగిందని చెప్పే కాటమరాజు, నల్లసిద్ధిరాజుల పోరు కథ అది. కొమ్మువాళ్లు కొమ్మూది పాడుతూ తరతరాలుగా దాన్ని నిలబెట్టారు. తంగిరాల వెంకట సుబ్బారావు సేకరించి సంపుటాలుగా అచ్చువేయించారు. ఈ కథలో యుద్ధానికి కారణం గడ్డి. శ్రీశైలం వైపు కరువొచ్చి గొల్లలు ఆవుల మందల్ని నెల్లూరు సీమకు తోలుకొచ్చారు. మేత మేసినందుకు పుట్టిన కోడెదూడల్ని రాజుకు పుల్లరిగా ఇవ్వాలని ఒప్పందం. ఇక్కడా వాన పడలేదు. గడ్డే మొలవనప్పుడు పుల్లరి ఏమిటన్నారు గొల్లలు. ఒప్పందం ఒప్పందమే అన్నాడు రాజు. మధ్యలో రాజు ఉంపుడుగత్తె చిలుక చావు, దానికి బదులుగా ఆవుల్ని చంపించడం వంటి ఘట్టాలు వస్తాయి. వాటిని పిట్టకథలని కొట్టిపారేసేవాళ్లున్నారు గానీ, చిన్న అవమానం పెద్ద కయ్యానికి ఎలా దారితీస్తుందో ఇంత కచ్చితంగా చెప్పిన రాజకీయ గ్రంథం నాకు కనపడలేదు. నల్లసిద్ధి ఎవరు, నెల్లూరు ఏలిన మనుమసిద్ధేనా అని చరిత్రకారులు వాదించుకుంటున్నారు. వాదించుకోనివ్వండి. కరువులో పన్ను అడగడం యుద్ధానికి ఎలా దారితీస్తుందో తెలుసుకోవడానికి రాజు పేరు తేలాల్సిన పనిలేదు.

ఇదే పోరులో రాజు పక్షాన చనిపోయాడని చెప్పే ఖడ్గతిక్కన కథ ఇంకా ఎక్కువమందికి తెలుసు. బలగం నశించి వెనక్కి వచ్చిన అతన్ని ఆడవాళ్లకు పెట్టినట్టు మంచం చాటున, పసుపుతో స్నానానికి రమ్మన్నది భార్య. తల్లి విరిగిన పాలు వడ్డించింది. సిగ్గుపడి తిరిగివెళ్లి చచ్చాడు. చక్కగా అల్లిన కథే, కాదనను. కానీ గడ్డీ కరువూ పుల్లరీ ఇందులో మాయమైపోయాయి. బతికి రావడమే తప్పు అన్నది ఒక్కటే మిగిలింది. అతని వంశంలోనే పుట్టిన కవి తిక్కన మనుమసిద్ధికి మంత్రి. రాజ్యం పోవడం, ఓరుగల్లు సాయంతో తిరిగి రావడం దగ్గరగా చూసినవాడు. ఆయన తెలుగు చేసిన పదిహేను భారత పర్వాల్లో స్త్రీపర్వం ఉంది. గెలుపోటములు తేలిపోయాక కురుక్షేత్రంలో ఆడవాళ్లు తమవాళ్ల శవాలను వెతుక్కునే పర్వం అది. గాంధారి శాపం పెట్టింది సాక్షాత్తు కృష్ణుడికే. ఒకే వంశంలో ఇద్దరు తిక్కనలు. బడిపిల్లల నోట ఎక్కువగా వినబడేది మొదటివాడి కథే.

యుద్ధం తర్వాతి దుఃఖాన్ని చూపిస్తే సైనికుడి శౌర్యాన్ని చిన్నబుచ్చినట్టు కాదా అన్న అభ్యంతరం ఎప్పుడూ వస్తుంది. వాషింగ్టన్‌లో 1982లో వియత్నాం యుద్ధ స్మారకం కట్టినప్పుడూ ఇదే మాట వచ్చింది. మాయా లిన్ రూపకల్పనలో వీరుడి విగ్రహం లేదు, నల్లరాతి గోడ మీద చనిపోయినవాళ్ల పేర్లే ఉన్నాయి. అవమానమని గొడవ చేశారు. 1984లో పక్కన ముగ్గురు సైనికుల కంచు విగ్రహం పెట్టారు. జనం ఎక్కువగా ఆగేది, పేర్లు తడిమేది మాత్రం ఆ గోడ దగ్గరే. అంటే రెండూ పక్కపక్కన ఉండొచ్చు, చూసేవాడే తేల్చుకుంటాడు. ఇక జానపదకథ అతిశయోక్తి, దాన్ని ఎలా నమ్మడం అనేవాళ్లకు నా ప్రశ్న ఒకటే. రాయల ప్రశస్తి పద్యాల్లో లేని అతిశయోక్తి కొమ్మువాళ్ల పాటలో ఏముంది? ఒకదాన్ని సాహిత్యంగా చదివి, రెండోదాన్ని సాక్ష్యం కాదని పక్కన పెట్టడం న్యాయం కాదు. పాత తగాదాలు తవ్వితే కులాల మధ్య చిచ్చు రేగుతుందన్న భయం మాత్రం కొంత నిజం. అందుకే ఒక పక్షం కథ కాదు, ఇరుపక్షాల కథా కావాలి. కాటమరాజు కథ వినేవాడికి గొల్లల కోపమూ రాజు పట్టుదలా రెండూ తెలుస్తాయి.

నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి వచ్చేవాళ్లకు కొండ మీద గుళ్లు, గోల్కొండ కాలపు మసీదు కనిపిస్తాయి, కానీ కథ వినిపించదు. కోట కింద ఒక చిన్న ప్రదర్శనశాల కడితే చాలు. హంపీ గోపురం బొమ్మల పెద్ద ఫొటోలు, చెన్నైలోని బాలకృష్ణుడికి ఒక నమూనా, న్యూనిజ్ రాసినదానికి తెలుగు, పక్కనే స్త్రీపర్వం. ఏడాదికోసారి ఆత్మకూరులోనో ఉదయగిరిలోనో కొమ్మువాళ్లను పిలిపించి, కాటమరాజు కథను గంటకు కుదించకుండా రాత్రంతా పాడించాలి. పాడేవాళ్లకు సన్మానపు శాలువా కాదు, పాటకు తగిన కూలి ఇవ్వాలి.